సోవియట్ యూనియన్ సరిగ్గా 15 ముక్కలే ఎందుకైంది?

1989లో సోవియట్ యూనియన్ చివరిసారి జనాభా లెక్కలు తీసింది. 28 కోట్ల 67 లక్షల మంది, వందకు పైగా జాతులు. అందులో తాతార్లు 66 లక్షలు, ఎస్తోనియన్లు 10 లక్షలు, చెచెన్లు సుమారు 9 లక్షల 57 వేలు. మూడేళ్లు తిరక్కుండానే ఆ దేశం మ్యాపు మీద లేదు. ఎస్తోనియాకి 1991 సెప్టెంబరులోనే ఐక్యరాజ్యసమితిలో చోటు దొరికింది, 2004లో నాటోలోనూ యూరోపియన్ యూనియన్‌లోనూ చేరింది. ఇంచుమించు అంతే జనాభా ఉన్న చెచెన్లు కూడా అదే 1991లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు, కానీ వాళ్లకి దక్కింది రెండు యుద్ధాలు, శిథిలాల కుప్పగా మారిన వాళ్ల రాజధాని గ్రోజ్నీ. ఎస్తోనియన్ల కంటే ఆరు రెట్లు ఎక్కువున్న తాతార్లకి అసలు దేశమే రాలేదు, ఇప్పటికీ రష్యాలో భాగంగానే ఉన్నారు.

"జాతుల మధ్య కోపాలు పేరుకుపోయాయి, మూత తీయగానే దేశం పగిలింది" అని చాలామంది చెప్పే కథ ఈ లెక్క ముందు నిలబడదు. కోపమే దేశాన్ని విడగొట్టి ఉంటే 15 ముక్కలే ఎందుకవుతుంది, నలభయ్యో యాభయ్యో ఎందుకు కాకూడదు? స్టాలిన్ కజకస్తాన్, కిర్గిజ్‌స్తాన్‌లకి తరిమేసిన చెచెన్ల కంటే కోపం ఎవరికి ఎక్కువుంటుంది? 1944 ఫిబ్రవరిలో ఆ జాతి మొత్తాన్నీ రైలు పెట్టెల్లో కుక్కి పంపారు, దారిలోనే చనిపోయినవాళ్లు లెక్కలేనంతమంది. అయినా చెచెన్లకి తలుపు తెరుచుకోలేదు. ఎవరికి తెరుచుకోవాలో మాస్కో తానే ఎప్పుడో రాసిపెట్టింది, దేశం ఆ రాతల వెంబడే విడిపోయింది.

ఆ రాత మొదలైంది 1922లో. విప్లవం, అంతర్యుద్ధం ముగిశాక ఎర్రసైన్యం చేతికొచ్చిన ప్రాంతాలన్నిటినీ ఎలా కలపాలన్న ప్రశ్న వచ్చింది. ఉక్రెయిన్, బెలారస్, కాకసస్ ప్రాంతాలన్నీ రష్యాలో స్వయంప్రతిపత్తి ఉన్న భాగాలుగా చేరిపోవాలని స్టాలిన్ ప్రతిపాదించాడు. అప్పటికే జబ్బుపడిన లెనిన్ ఒప్పుకోలేదు. జార్ల కాలంలో రష్యన్ పెత్తనం కింద నలిగినవాళ్లని మళ్లీ రష్యా కిందే పెడితే నమ్మరనీ, అందరూ సమాన రిపబ్లిక్కులుగా చేరాలనీ, కాదనుకుంటే వెళ్లిపోయే హక్కు కాగితం మీద ఉండాలనీ పట్టుబట్టి నెగ్గాడు. 1922 డిసెంబరు 30న రష్యా, ఉక్రెయిన్, బెలారస్, ట్రాన్స్‌కాకేసియా ఫెడరేషన్ (జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్‌ల కూటమి) కలిసి యూనియన్ ఏర్పడింది. విడిపోయే హక్కు ఆ తర్వాత వచ్చిన ప్రతి రాజ్యాంగంలోనూ కొనసాగింది, 1977 రాజ్యాంగంలో అది 72వ అధికరణ. అడిగినవాడు జైలుకి పోతాడని అందరికీ తెలుసు కాబట్టి దాన్ని చెరిపేయాలని ఎవరికీ తోచలేదు.

1936లో స్టాలిన్ కొత్త రాజ్యాంగం తెస్తున్నప్పుడు, తాతార్లకి, బష్కిర్లకి కూడా పూర్తి రిపబ్లిక్ హోదా ఎందుకివ్వకూడదన్న ప్రశ్న వచ్చింది. జవాబుగా మూడు షరతులు చెప్పాడు. ఆ రిపబ్లిక్ దేశ సరిహద్దున ఉండాలి, చుట్టూ సోవియట్ భూమే ఉండకూడదు. ఏ జాతి పేరు పెట్టుకుందో ఆ జాతివాళ్లు అక్కడ ఎక్కువగా ఉండాలి. జనాభా కనీసం 10 లక్షలుండాలి. మొదటి షరతుకి ఆయన ఇచ్చిన కారణం చూడండి: విడిపోయే హక్కు ఉన్నప్పుడు, విడిపోవడానికి దారి కూడా ఉండాలి కదా, నాలుగు వైపులా రష్యానే ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? విడిపోతామన్నవాళ్లని కాల్చి చంపించే మనిషి, విడిపోవడానికి వీలున్న భూగోళాన్ని ఇంత జాగ్రత్తగా ఆలోచించి పెట్టాడు. వోల్గా ఒడ్డున రష్యా నడిబొడ్డులో ఉన్న తాతార్లు ఆ షరతుతోనే ఆగిపోయారు. చెచెన్ల ప్రాంతం రష్యా లోపల స్వయంప్రతిపత్తి స్థాయిలో, అంటే ఒక మెట్టు కింద ఉండిపోయింది. కజకస్తాన్, కిర్గిజ్‌స్తాన్ మాత్రం అదే 1936లో పై మెట్టెక్కాయి.

ఇక్కడ ఇంకో సంగతి తరచూ మరుగున పడుతుంది. సోవియట్ ప్రభుత్వం జాతుల్ని అణచడమే కాదు, చాలా చోట్ల తయారుచేసింది కూడా. 1920ల్లో మధ్య ఆసియాలో ఫలానావాడు ఉజ్బెకా తజికా అన్నది అంత తేలిగ్గా తేలే విషయం కాదు, ఒకే ఊళ్లో రెండు భాషలూ మాట్లాడేవాళ్లుండేవాళ్లు. మాస్కో నుంచి వచ్చిన కమిషన్లు జనాన్ని అడిగి, కొన్నిచోట్ల అడక్కుండానే, గీతలు గీశాయి. తర్వాత ఒక్కో రిపబ్లిక్కుకీ లిపి, వ్యాకరణం, పాఠ్యపుస్తకాలు, రచయితల సంఘం, సైన్స్ అకాడమీ, పార్లమెంటు, జెండా, గీతం అన్నీ సమకూర్చారు. 1932 నుంచి మొదలైన అంతర్గత పాస్‌పోర్టుల్లో ప్రతి మనిషి జాతి ఏమిటో రాసేవాళ్లు. తల్లిదండ్రుల జాతే పిల్లలకి. అంటే ఒక మనిషి దాదాపు 60 ఏళ్ల పాటు తన జాతి ఏదో ప్రభుత్వ కాగితం మీద చదువుకుంటూ బతికాడు, ఆ జాతికంటూ ఒక రాజధాని, ఒక మంత్రివర్గం ఉన్నాయని చూస్తూ పెరిగాడు. మంత్రివర్గానికి నిజమైన అధికారం లేదన్నది వేరే సంగతి. కుర్చీ మాత్రం ఉంది.

ఆ కుర్చీలు కదలకుండా పట్టుకున్నది కమ్యూనిస్టు పార్టీ ఒక్కటే. పార్టీకి ఫెడరేషన్ లేదు, అంతా మాస్కో మాటే. అందుకే రాజ్యాంగంలో ఎన్ని హక్కులున్నా ఇబ్బంది రాలేదు. 1985లో పార్టీ అధినేతగా వచ్చిన గోర్బచేవ్ ఆర్థిక వ్యవస్థని కదిలించాలనుకున్నాడు, పార్టీ అధికారులు అడ్డుపడుతుంటే వాళ్లని దాటి నేరుగా జనం దగ్గరికి వెళ్లాలనుకున్నాడు. 1989లో పోటీ ఉన్న ఎన్నికలు, 1990లో రిపబ్లిక్కుల పార్లమెంట్లకి ఎన్నికలు, అదే ఏడాది మార్చిలో పార్టీ గుత్తాధిపత్యానికి మూలమైన 6వ అధికరణ రద్దు. ఉద్దేశం మంచిదే, ఇందులో అనుమానం లేదు. కానీ దేశాన్ని కలిపి ఉంచుతున్నది ఆ పార్టీయేనన్న విషయాన్ని ఆయన తక్కువ అంచనా వేశాడు. పార్టీ పట్టు సడలిన మర్నాటి నుంచి, అన్నాళ్లూ ఉత్తుత్తిగా ఉన్న పార్లమెంట్లు నిజం పార్లమెంట్లయ్యాయి, ఉత్తుత్తి సరిహద్దులు నిజం సరిహద్దులయ్యాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది లేకుండా మిగతాదేదీ అంత వేగంగా జరిగేది కాదు. సోవియట్ ఖజానాకి డాలర్లు తెచ్చేది చమురు, గ్యాస్. ఆ డాలర్లతోనే విదేశాల నుంచి గోధుమలు కొనేవాళ్లు. 1985లో పీపా 27 డాలర్ల దగ్గరున్న చమురు ధర 1986లో 15 డాలర్ల లోపుకి పడిపోయింది. అదే సమయానికి మద్యం మీద ఉద్యమం మొదలుపెట్టి ప్రభుత్వం తన పెద్ద ఆదాయాన్ని తానే కోసుకుంది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలింది. అఫ్ఘనిస్తాన్ యుద్ధం ఇంకా నడుస్తోంది. లోటు పూడ్చడానికి నోట్లు అచ్చేశారు, ధరలేమో ప్రభుత్వం కట్టేసినవి, దాంతో చేతిలో డబ్బుండి దుకాణంలో సరుకులేని పరిస్థితి వచ్చింది, చక్కెరకి కూపన్లు, సబ్బుకి కూపన్లు. 1991 జనవరి 22 రాత్రి టీవీలో ఉన్నట్టుండి 50, 100 రూబుళ్ల నోట్లు చెల్లవన్నారు, మార్చుకోవడానికి మూడు రోజులే గడువు. మన 2016 నవంబరు గుర్తున్నవాళ్లకి ఆ మూడు రోజులెలా గడిచాయో ఊహించడం కష్టం కాదు. ఆ దెబ్బతో కేంద్రం మీద మిగిలిన కాస్త నమ్మకం కూడా పోయింది. సరుకులు తమ దగ్గరే ఉంచుకోవాలని ప్రతి రిపబ్లిక్కూ, చివరికి ప్రతి జిల్లా కూడా ఆలోచించడం మొదలుపెట్టింది.

బాల్టిక్ దేశాల కథ అందరికీ తెలిసిందే కాబట్టి పొడుగు చెప్పక్కర్లేదు. 1939 ఆగస్టు 23న హిట్లర్‌తో చేసుకున్న రహస్య ఒప్పందంతో మాస్కో వాటిని మింగేసింది. సరిగ్గా 50 ఏళ్లకి టాలిన్ నుంచి విల్నియస్ దాకా 600 కిలోమీటర్లకు పైగా, సుమారు 20 లక్షల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. లిథువేనియా 1990 మార్చి 11న స్వాతంత్ర్యం ప్రకటించింది. 1991 జనవరి 13న విల్నియస్ టీవీ టవర్ దగ్గర సోవియట్ సైన్యం దాడిలో 14 మంది చనిపోయారు. వాళ్ల ధైర్యాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ మూడు బాల్టిక్ దేశాలూ కలిపి యూనియన్ జనాభాలో 3 శాతం కూడా లేవు. ఆ మూడూ, వాటితో పాటు జార్జియా, ఆర్మేనియా, మాల్డోవా వెళ్లిపోయినా యూనియన్ బతికేదే.

బతక్కుండా చేసింది రష్యా. సోవియట్ యూనియన్ అంటే రష్యానే అనుకునే అలవాటు మనకి బాగా పాతుకుపోయింది కాబట్టి ఈ మాట వినడానికి వింతగానే ఉంటుంది. జనాభాలో సగం, భూమిలో నాలుగింట మూడు వంతులు, చమురు గ్యాసుల్లో సింహభాగం రష్యన్ రిపబ్లిక్కువే. అయినా మిగతా 14 రిపబ్లిక్కులకున్నవి దానికి లేవు. 1990 వరకు రష్యాకి సొంత కమ్యూనిస్టు పార్టీ శాఖ లేదు, సొంత సైన్స్ అకాడమీ లేదు, సొంత కేజీబీ (గూఢచారి సంస్థ) లేదు. వేరేగా ఎందుకు, యూనియన్‌వే మీవి కదా అనేది మాస్కో లెక్క. అందరికీ చవగ్గా చమురిస్తున్నాం, మా పల్లెలకి మాత్రం రోడ్లు లేవు, పైగా అందరూ మనల్నే తిడుతున్నారు అనే బాధ రష్యన్లలో బాగా పెరిగింది. గోర్బచేవ్ పక్కకు నెట్టేసిన పార్టీ నాయకుడు బోరిస్ యెల్ట్సిన్‌కి ఆ బాధే మెట్టు అయింది. 1990 మే నెలలో రష్యన్ పార్లమెంటుకి అధ్యక్షుడయ్యాడు, జూన్ 12న ఆ పార్లమెంటు రష్యా సార్వభౌమత్వాన్ని ప్రకటించింది. తమ చట్టాలే పైన, యూనియన్ చట్టాలు తర్వాతే అన్నది దాని సారం. 907 మంది అవునన్నారు, 13 మంది కాదన్నారు. అవునన్నవాళ్లలో ఎక్కువమంది కమ్యూనిస్టులే.

ఉమ్మడి కుటుంబంలో చిన్నవాళ్లు వేరు పడతామంటే పెద్దవాళ్లు సర్దిచెప్తారు, ఇల్లు తన పేరు మీదున్న పెద్దకొడుకే వేరు పడతానంటే ఇంక సర్దిచెప్పేవాడెవడు? ఆ ప్రకటన తర్వాత నెలల్లోనే అప్పటిదాకా ప్రకటించని రిపబ్లిక్కులన్నీ వరసపెట్టి అలాంటివే ప్రకటించాయి. పన్నులు కేంద్రానికి కట్టకుండా ఆపుకోవడం మొదలైంది. 1991 జూన్ 12న యెల్ట్సిన్ 57 శాతం ఓట్లతో రష్యా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. యూనియన్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ని మాత్రం జనం ఎప్పుడూ నేరుగా ఎన్నుకోలేదు, పార్లమెంటే ఎన్నుకుంది. ఒకే ఊళ్లో ఇద్దరు అధ్యక్షులు, ఒకరి వెనక జనం ఓటుంది, రెండో వారి వెనక లేదు.

జనం యూనియన్ వద్దనుకున్నారా అంటే, 1991 మార్చి 17న జరిగిన రిఫరెండంలో, పైన చెప్పిన ఆరు రిపబ్లిక్కులు బహిష్కరించగా, ఓటేసినవాళ్లలో 76.4 శాతం మంది సంస్కరించిన యూనియన్ కావాలన్నారు. ఈ అంకె చూపించి జనాన్ని మోసం చేసి దేశాన్ని ముక్కలు చేశారని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. ఆ వాదన సగమే నిజం. మార్చిలో జనం అడిగింది కొత్త యూనియన్‌ని. దాని ఒప్పందం మీద ఆగస్టు 20న సంతకాలు కావాలి. సరిగ్గా ముందురోజు, ఆగస్టు 19న, కేజీబీ అధినేత క్ర్యుచ్కోవ్, రక్షణమంత్రి యాజోవ్, ఉపాధ్యక్షుడు యనాయెవ్ వగైరాలు గోర్బచేవ్‌ని క్రిమియాలోని విడిదింట్లో బంధించి ట్యాంకుల్ని మాస్కో వీధుల్లోకి పంపారు. యూనియన్‌ని కాపాడతామని బయల్దేరినవాళ్లు మూడు రోజుల్లో దాన్ని చంపేశారు. కుట్ర విఫలమయ్యాక ఏ రిపబ్లిక్ నాయకుడూ మాస్కోని నమ్మే పరిస్థితి లేదు, మళ్లీ ఎప్పుడు ట్యాంకులొస్తాయోనన్న భయం అందరికీ పట్టుకుంది. ఆగస్టు 24న ఉక్రెయిన్ స్వాతంత్ర్యం ప్రకటించింది, డిసెంబరు 1న రిఫరెండం పెడితే 90 శాతానికి పైగా అవునన్నారు. రష్యన్లు ఎక్కువగా ఉన్న క్రిమియాలో కూడా 54 శాతం. దోనెత్స్క్, లుహాన్స్క్‌లలో 83 శాతానికి పైగా. ఈ అంకెలు గుర్తుంచుకోవాలి, తర్వాత అవసరమవుతాయి.

ఉక్రెయిన్ లేని యూనియన్‌లో ఉండే ఉద్దేశం యెల్ట్సిన్‌కి లేదు. డిసెంబరు 8న బెలారస్ అడవిలో విస్కులీ అనే వేట బంగళాలో యెల్ట్సిన్, ఉక్రెయిన్ అధ్యక్షుడు క్రావ్‌చుక్, బెలారస్ నాయకుడు షుష్కేవిచ్ కూర్చున్నారు. 1922లో సంతకం పెట్టిన నలుగురిలో ట్రాన్స్‌కాకేసియా ఫెడరేషన్ ఎప్పుడో రద్దయింది, మిగిలిన ముగ్గురం మేమే, పెట్టినవాళ్లమే తీసేస్తున్నాం అన్నది వాళ్ల చట్టపరమైన వాదన. లెనిన్ పట్టుబట్టి పెట్టించిన సమాన రిపబ్లిక్కుల ఒప్పందం అలా 69 ఏళ్లకి అక్షరాలా అమలైంది. డిసెంబరు 12న రష్యన్ పార్లమెంటు దాన్ని ఆమోదిస్తే వ్యతిరేకంగా లేచిన చేతులు ఆరు. 21న కజకస్తాన్‌లోని అల్మాటీలో మరో ఎనిమిది రిపబ్లిక్కులు చేరాయి. 25న గోర్బచేవ్ రాజీనామా చేశాడు, క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగింది. కజకస్తాన్ అయితే డిసెంబరు 16 దాకా స్వాతంత్ర్యం ప్రకటించనేలేదు, అందరూ వెళ్లిపోయాక మిగిలింది అదొక్కటే.

అదే ఏడాది యుగోస్లావియాలో ఊచకోతలు మొదలయ్యాయి. ఇక్కడ అణ్వాయుధాలున్నా అంత రక్తపాతం అప్పటికి జరగలేదంటే కారణం ఒక్కటే, యెల్ట్సిన్ గీతల్ని ఒప్పుకున్నాడు. 1991 ఆగస్టు చివర్లో ఆయన ప్రతినిధి ఒకరు, విడిపోయే పొరుగువాళ్లతో సరిహద్దుల ప్రశ్న లేవనెత్తే హక్కు రష్యాకుంటుందని అన్నాడు, ఉక్రెయిన్, కజకస్తాన్ భగ్గుమన్నాయి, వెంటనే వెనక్కి తగ్గారు. అల్మాటీ ప్రకటనలో ఉన్న సరిహద్దుల్నే గౌరవిస్తామని రాశారు. యెల్ట్సిన్ పాలనలో తప్పుబట్టాల్సినవి చాలా ఉన్నాయి, కానీ ఈ ఒక్క నిర్ణయం లక్షల ప్రాణాలు నిలబెట్టింది.

అయితే గీతకి అటువైపు చిక్కుకున్న మనుషుల సంగతి? రష్యా బయట మిగిలిన రష్యన్లే రెండున్నర కోట్లు. వాళ్లు ఇల్లు కదల్లేదు, సరిహద్దే వాళ్ల మీదుగా జరిగింది. లాత్వియా, ఎస్తోనియా 1940కి ముందున్న పౌరులకీ వాళ్ల సంతానానికే నేరుగా పౌరసత్వం ఇచ్చాయి. దాంతో పాతిక లక్షల జనాభా ఉన్న లాత్వియాలో సుమారు 7 లక్షల మంది ఏ దేశానికీ చెందని మనుషులైపోయారు, వాళ్ల పాస్‌పోర్టు మీద పౌరుడు కాదనే రాసి ఉండేది. లాత్వియన్ల చారిత్రక బాధ నిజమే, అయినా అక్కడే పుట్టిన పిల్లలకి ఆ శిక్ష వేయడం అన్యాయమే. లిథువేనియా తన దగ్గరున్న అందరికీ పౌరసత్వం ఇచ్చింది, దాని స్వాతంత్ర్యానికేమీ నష్టం రాలేదు.

డబ్బు ఇంకా ఘోరం. దేశాలు 15, రూబుల్ ఒకటే. నోట్లచ్చేసే ప్రెస్సులు రష్యాలో ఉన్నాయి, అప్పులిచ్చే సెంట్రల్ బ్యాంకులు మాత్రం ఎవరివి వాళ్లకే. ఎవరెంత అప్పిస్తే అంత లాభం వాళ్లకి, ధరల దెబ్బ అందరికీ. 1992 జనవరి 2న రష్యా ధరల మీద అదుపు ఎత్తేసింది, ఆ ఏడాది ధరలు 2,500 శాతం పెరిగాయి. జీవితమంతా దాచుకున్న డబ్బు కొన్ని నెలల్లో చిత్తుకాగితమైంది. ఎస్తోనియా 1992 జూన్‌లోనే సొంత కరెన్సీ క్రూన్ తెచ్చుకుని ముందు బయటపడింది. ఉక్రెయిన్‌లో 1993లో ద్రవ్యోల్బణం 10,000 శాతం దాటింది. ఒక రిపబ్లిక్కులో ఇంజిను, ఇంకో దాంట్లో బాడీ, మూడోదాంట్లో టైర్లు తయారయ్యేలా కట్టిన ఫ్యాక్టరీల మధ్య కస్టమ్స్ గేట్లు లేచాయి. 1990లో సుమారు 64 ఏళ్లున్న రష్యన్ మగవాళ్ల సగటు ఆయుర్దాయం 1994కి 57 ఏళ్ల చిల్లరకి పడిపోయింది. యుద్ధం లేకుండా నాలుగేళ్లలో ఇంత పడటం ఆధునిక దేశాల చరిత్రలో అరుదు. సంస్కరణల వేగం గురించి ఎంతమంది ఆర్థికవేత్తలు ఎన్ని సమర్థనలు చెప్పినా ఈ అంకె ముందు అవేవీ నిలవవు.

ఆ కుదుపు మన దాకా కూడా వచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకుకి సోవియట్ యూనియన్ చాలా పెద్ద కొనుగోలుదారు, రూపాయల్లోనే వ్యాపారం. ఆ కొనుగోలుదారు మాయమయ్యేసరికి రైతులు గట్టి దెబ్బ తిన్నారు. విశాలాంధ్ర దుకాణాల్లో అతి చవగ్గా దొరికే, మాస్కోలోనే తెలుగులో అచ్చయిన రంగుల బొమ్మల పుస్తకాలు ఆగిపోయాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కురుసుర 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది రీగాలో, అప్పుడది సోవియట్ రేవు, ఇప్పుడు నాటో దేశం లాత్వియా రాజధాని. ఇంతకంటే చిక్కు ఉదాహరణ ఐఎన్ఎస్ తుషిల్. ఆ యుద్ధనౌకని రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో కట్టారు, దాని టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌వి. 2014 తర్వాత ఉక్రెయిన్ వాటిని రష్యాకి అమ్మనంది, చివరికి భారతదేశమే ఉక్రెయిన్ దగ్గర కొని రష్యా షిప్‌యార్డుకి ఇస్తే 2024 డిసెంబరుకి నౌక మన చేతికొచ్చింది. ఒక దేశంగా ఉన్నప్పుడు ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫ్యాక్టరీకి రైల్లో వెళ్లిపోయే సామాను అది.

రక్తపాతం ఎక్కడ జరిగిందో చూస్తే మళ్లీ ఆ గీతలే. రిపబ్లిక్కు లోపల ఒక మెట్టు కింద ఉన్న ప్రాంతాలే ఎక్కువ. అజర్‌బైజాన్‌లో నగోర్నో-కరబాఖ్, జార్జియాలో అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా, రష్యాలో చెచెన్యా. కరబాఖ్‌లో నాలుగింట మూడు వంతుల మంది ఆర్మేనియన్లు, 1988 ఫిబ్రవరి 20నే అక్కడి సోవియట్ (స్థానిక సభ) తమని ఆర్మేనియాలో కలపమని తీర్మానించింది. వారంలోపే సుమ్‌గాయిత్‌లో ఆర్మేనియన్ల మీద ఊచకోత. 1994 దాకా యుద్ధం, అందులో గెలిచిన ఆర్మేనియన్లు చుట్టుపక్కల జిల్లాల నుంచి లక్షల మంది అజర్‌బైజానీలని వెళ్లగొట్టారు. 2020లో 44 రోజుల యుద్ధంలో లెక్క తిరగబడింది. 2023 సెప్టెంబరులో ఒక్క రోజు దాడితో అంతా ముగిసింది, లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు వారం రోజుల్లో ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. ఆ నేల మీద వాళ్ల సమాజం ఇప్పుడు దాదాపుగా లేదు.

ఉక్రెయిన్‌ది వేరే రకం. అక్కడ గొడవ ఒక మెట్టు కిందున్న ప్రాంతం మొదలుపెట్టింది కాదు, 1991లో ఒప్పుకున్న గీతని పక్క దేశమే కాదన్నది. క్రిమియా 1954లో రష్యన్ రిపబ్లిక్ నుంచి ఉక్రెయిన్‌కి మారింది, ఒకే దేశంలో అది అప్పట్లో ఫైళ్ల మార్పిడి. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ తన దగ్గర మిగిలిన అణ్వాయుధాలు అప్పగించడానికి ఒప్పుకుంటే, బదులుగా రష్యా, అమెరికా, బ్రిటన్ దాని సరిహద్దుల్ని గౌరవిస్తామని సంతకం పెట్టాయి. వ్యూహాత్మక వార్‌హెడ్లే సుమారు 1,900, అప్పటికి ప్రపంచంలో మూడో పెద్ద నిల్వ. ప్రయోగించే కోడ్లు మాస్కో దగ్గరే ఉన్నాయి కాబట్టి అవి ఉక్రెయిన్‌కి పనికొచ్చేవి కావని కొందరంటారు, అందులో నిజముంది, కానీ పెట్టిన సంతకం విలువ దానివల్ల తగ్గదు. 2014లో రష్యా క్రిమియాని కలిపేసుకుంది. 2022 ఫిబ్రవరి 21న, పూర్తిస్థాయి దండయాత్రకి మూడు రోజుల ముందు, పుతిన్ చేసిన ప్రసంగంలో ఆధునిక ఉక్రెయిన్ లెనిన్ సృష్టేనన్నాడు, విడిపోయే హక్కు రాజ్యాంగంలో పెట్టడమే పెద్ద తప్పన్నాడు. గీతలు బోల్షెవిక్కులు గీసినవే, అది ఒప్పుకోవాల్సిందే. కానీ 1991 డిసెంబరు 1న ఆ గీతకి జనం ఓటేశారు. దోనెత్స్క్‌లో 83 శాతం, క్రిమియాలో 54 శాతం. పైగా అవే బోల్షెవిక్కులు గీసిన రష్యా సరిహద్దుల్లో తాతార్‌స్తాన్, చెచెన్యా ఉన్నాయి, వాటిని మాత్రం మార్చకూడదంటే అది చరిత్ర మీద వాదన కాదు, బలం మీద వాదన. ఆ ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో 20 వేల మంది దాకా మన దేశ విద్యార్థులున్నారు, ఎంబీబీఎస్ కోసం వెళ్లిన తెలుగు పిల్లలు వాళ్లలో వందల్లో. ఖార్కివ్ మెట్రో స్టేషన్లలో తలదాచుకున్న, చలిలో పోలండ్ సరిహద్దు దాకా నడిచిన ఆ పిల్లల ఇళ్లల్లో అప్పుడున్న టెన్షన్ చాలామందికి ఇంకా గుర్తే.

గీతలన్నీ తుపాకులతోనే తేలలేదు, అది కూడా చెప్పాలి. మధ్య ఆసియాలో ఫెర్గానా లోయని ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ మధ్య 1920ల్లో ఎలా పంచారో చూస్తే తల తిరుగుతుంది. సోఖ్ ఉజ్బెకిస్తాన్‌ది, చుట్టూ కిర్గిజ్ నేల. వోరుఖ్ తజికిస్తాన్‌ది, చుట్టూ మళ్లీ కిర్గిజ్ నేలే. ఒకే కాలువ నీళ్లు, ఒకే రోడ్డు, మూడు జెండాలు. పైనున్న కిర్గిజ్‌స్తాన్‌కి చలికాలంలో కరెంటు కోసం తోక్తోగుల్ డ్యామ్ నీళ్లు వదలాలి, కిందున్న ఉజ్బెకిస్తాన్‌కి అవే నీళ్లు ఎండాకాలంలో పత్తికి కావాలి. సోవియట్ రోజుల్లో కిందివాళ్లు పైవాళ్లకి చలికాలం గ్యాస్, బొగ్గు పంపేవాళ్లు, పైవాళ్లు నీళ్లు ఆపి ఎండాకాలంలో వదిలేవాళ్లు. దేశాలు వేరయ్యాక గ్యాస్‌కి బిల్లొచ్చింది, నీళ్లకి రాలేదు. సరిహద్దు చర్చల్లో తజికిస్తాన్ 1924-39 మధ్య మ్యాపులు పట్టుకొచ్చేది, కిర్గిజ్‌స్తాన్ 1950ల చివరి మ్యాపులు పట్టుకొచ్చేది, రెండూ మాస్కో ముద్రవే, రెండూ వేర్వేరు. 2021లోనూ 2022లోనూ నీళ్ల దగ్గర మొదలైన గొడవలు సైన్యాల మధ్య కాల్పుల దాకా వెళ్లి, చాలామంది చనిపోయారు, లక్ష మందికి పైగా ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండు ప్రభుత్వాలూ మ్యాపుల వాదన పక్కన పెట్టి, ఊరి తర్వాత ఊరు, రోడ్డు తర్వాత రోడ్డు కూర్చుని తేల్చుకోవడం మొదలుపెట్టాయి. కొన్ని చోట్ల భూమికి భూమి మార్చుకున్నాయి, కొన్ని రోడ్లు ఇద్దరూ వాడుకునేలా ఒప్పుకున్నాయి. 2025 మార్చి 13న బిష్కెక్‌లో ఇద్దరు అధ్యక్షులూ సుమారు వెయ్యి కిలోమీటర్ల సరిహద్దు ఒప్పందం మీద సంతకం పెట్టారు. అదే నెలాఖరున ఖుజంద్‌లో మూడు దేశాల సరిహద్దులూ కలిసే చోటు ఏదో ముగ్గురూ కలిసి ఒప్పుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన 33 ఏళ్లకి ఆ లోయలో గీతలు మొదటిసారి అక్కడివాళ్లు గీసుకున్నవయ్యాయి.